ఏ అంకె అయినా పర్వాలేదు

ఎండాకాలం సెలవుల్లో జనం ఊటీకో కొడైకెనాల్‌కో పోతారు. నేను ఈ ఏప్రిల్లో జనగామ, మానుకోట, భూపాలపల్లి తిరిగి వచ్చాను. "అక్కడ చూడ్డానికేముందే?" అని భీమవరం నుంచి మా అక్క ఫోన్లో నవ్వింది. ఏముందో నాకూ తెలియదు. నాకు తెలియనిదేదో అక్కడ ఎక్కడో ఉందన్న అనుమానంతోనే బయల్దేరాను.

నేను హైదరాబాద్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతాను. ఈ ఏడాది ముగ్గురు పిల్లలు నా దగ్గర ప్రాజెక్టు చేశారు. విషయం చెప్పకపోతే ఈ ప్రయాణం అర్థం కాదు కాబట్టి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. క్వాంటమ్ కంప్యూటర్లో లెక్కలు మోసేవాటిని క్యూబిట్లంటారు. మహా సుకుమారాలు. కాస్త వేడి తగిలినా చెడిపోతాయి, చెడ్డాయా లేదా అని తొంగిచూసినా చెడిపోతాయి. అందుకని చూడకుండానే తప్పు ఎక్కడ జరిగిందో కనిపెట్టి సరిదిద్దాలి. దానికి పాత పద్ధతులున్నాయి. మా వాళ్ళు ఆ పనిని మెషీన్ లెర్నింగ్‌కి అప్పగించారు. అంటే లక్షల కొద్దీ తప్పుల నమూనాలు జవాబులతో సహా చూపిస్తే, యంత్రం తనంతట తను నేర్చుకుంటుంది. అసలు క్వాంటమ్ కంప్యూటరు మా కాలేజీకి కలలో మాట. దాని నకలును లాప్‌టాప్‌లోనే నడిపించి తప్పులు పుట్టిస్తాం.

పని ముగ్గురూ పంచుకున్నారు. నేర్పే నమూనాలు తయారుచేసింది జనగామ కార్తీక్. వాటితో యంత్రానికి నేర్పింది మానుకోట దగ్గరి తండా అమ్మాయి సరిత. నేర్చుకున్న యంత్రానికి వేరే కొత్త నమూనాలతో పరీక్ష పెట్టింది భూపాలపల్లి రమ్య. నేర్పిన లెక్కే పరీక్షలో వస్తే ఆ మార్కులకు విలువ ఉండదు. అందుకని నేనొక కట్టుబాటు పెట్టాను: కార్తీక్ ఫైలు రమ్య తెరవకూడదు, రమ్య ఫైలు మిగతా ఇద్దరూ తెరవకూడదు. ముగ్గురూ దాన్ని ఉపవాసమంత నిష్ఠగా పాటించారు.

ఫలితం వచ్చింది. బ్రహ్మాండంగా వచ్చింది. అదే చిక్కు. ఈ పనిలో ఎంత గొప్ప పద్ధతికైనా దాటలేని గీత ఒకటుంటుంది. కొన్ని తప్పులు బయటికి అచ్చం ఒకేలా కనిపిస్తాయి, వాటిలో ఏది జరిగిందో ఎవరైనా ఊహించాల్సిందే. నేను కాగితం మీద ఆ గీత ఎక్కడుందో లెక్క కట్టాను. మా యంత్రం దాన్ని దాటేసింది. ఫోన్ చేసి అడిగితే ముగ్గురిదీ ఒకే మాట, "అంతా కరెక్టే మేడం" అని.

ఈలోగా సరితకు బెంగుళూరులోని ఒక పరిశోధన సంస్థ నుంచి ఏడాది పాటు పనిచేయడానికి పిలుపొచ్చింది, ఈ ఫలితం చూసే. శుక్రవారం సాయంత్రం లోపల ఫలితం సరైనదేనని సరిత రాసివ్వాలి, కింద నేను సంతకం పెట్టాలి. లేకపోతే ఆ అమ్మాయి జూన్‌లో మానుకోటలో ఒక ప్రైవేటు బడిలో చేరుతుంది. అక్కడ మాట అప్పటికే అయిపోయింది. సంతకం పెట్టడానికి నా చెయ్యి రాలేదు, పెట్టననడానికి నోరూ రాలేదు. బుధవారం పొద్దున్నే సికింద్రాబాద్‌లో రైలెక్కేశాను.

జనగామ: రూపాయి బిళ్ళ కవరు

జనగామ స్టేషన్‌ బయట ఒకావిడ గంపలో ముంజలు పెట్టుకుని కూర్చుంది. డజను ఎనభై. "ఎక్కువ కాదండీ?" అన్నాను. ఆవిడ నా మొహం చూడకుండానే, "ఆంధ్రానా అమ్మా? మీ దిక్కు చెట్లు పొట్టిగుంటయా?" అంది. మారుమాట లేకుండా ఎనభై ఇచ్చేశాను. "అండీ" అన్న ఒక్క అక్షరమ్ముక్కకి నా ఊరు దొరికిపోయింది. మా వైపు సినిమాహాళ్ళలో ఈ వైపు మాట వినిపిస్తే చాలు నవ్వేవాళ్ళం. ఇక్కడ నా మాటకు ఎవరూ నవ్వలేదు, ధర మాత్రం తగ్గించలేదు.

కార్తీక్ వాళ్ళది కిందంతా దుకాణం, పైన ఇల్లు. ఎండుమిర్చి, పసుపు, చింతపండు బస్తాలు. మెట్లెక్కేలోపు నాకు పది తుమ్ములు. వాళ్ళ నాయినమ్మ పైనుంచి చూసి నవ్వింది. "మందికి తుమ్ములొస్తయి బిడ్డా. మాకు గీ వాసన లేకుంటె నిద్రవట్టది."

ఆవిడ పెట్టిన సర్వపిండి గురించి చెప్పాలి. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కారం కలిపి గిన్నె అడుగున వేళ్ళతో ఒత్తి, చిల్లులు పెట్టి, నూనె పోసి కాలుస్తారు. మా గోదావరి దిబ్బరొట్టె దీని ముందు బద్ధకస్తురాలు. ఇది కరకరలాడుతూ, పంటి కింద పల్లీ తగులుతూ, మధ్యలో కారం తన ఉనికి చాటుకుంటూ ఉంటుంది. రెండు తిన్నాను. మూడోది వద్దంటే నాయినమ్మ వినలేదు.

తిన్నాక కార్తీక్ తన ప్రోగ్రాం తెరిచాడు. వరసవరసా చదివాను. మొదట్లోనే ఒక అంకె ఉంది.

"ఇదేంటి?"

"సీడు మేడం. గా అంకెను వట్టుకునే గదా ప్రోగ్రాం తప్పులు పుట్టిచ్చేది. ఏదైనా పర్వాలేదని మీరే అన్నరు."

అన్న మాట నిజమే. ఒక అంకె ఇస్తే ఒక వరసలో తప్పులు పుడతాయి. మరో అంకె ఇస్తే మరో వరస. అదే అంకె మళ్ళీ ఇస్తే మళ్ళీ అవే. అందుకే తరగతిలో "ఏ అంకె అయినా పర్వాలేదు" అని చెప్పి ముందుకెళ్ళిపోతాం.

"వెయ్యిన్నూట పదహారా?" అన్నాను నవ్వుతూ.

"మంచి పని మొదలువెడుతున్నం గదా మేడం," అన్నాడు సిగ్గుపడుతూ. వ్యాపారస్తుల ఇంటి పిల్లాడు, క్వాంటమ్ కంప్యూటర్‌కి కూడా శుభంగా బోణీ చేశాడని ముచ్చటేసింది. మిగతా ప్రోగ్రాంలో ఒక్క తప్పు దొరకలేదు.

వచ్చేటప్పుడు నాయినమ్మ బొట్టు పెట్టి, రైక ముక్కతో పాటు ఒక కవరు చేతిలో పెట్టింది. పెళ్ళిళ్ళలో ఇస్తారే, రూపాయి బిళ్ళ అంటించిన కవరు. లోపల వంద, పది, ఐదు. బిళ్ళతో కలిపి నూట పదహారు. నేను వద్దంటే కోపమొచ్చింది ఆవిడకి. "మొదటిసారి మా గడప తొక్కినవ్. ఉత్తచేతులతోటి ఎట్ల పంపుత?" మా అమ్మా ఇలాగే అనేది. కవరు హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకున్నాను.

తొర్రూరు బస్సులో పరువు

ఇక్కడ ఆడవాళ్ళకు బస్సు ఉచితం. ఆధార్ చూపిస్తే సున్నా రూపాయల టికెట్టు కొట్టి ఇస్తారు, జీరో టికెట్ అంటారు. నేనూ దర్జాగా కార్డు తీశాను. కండక్టరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"భీమవరమా? గిది నడువది మేడం. పైసలియ్యాలె."

"పదేళ్ళుగా హైదరాబాద్‌లోనే ఉంటున్నానమ్మా."

"ఉంటే ఏంది? కార్డు ఏడ ఉన్నదో మనిషి గాడనే."

బస్సులో ఆడవాళ్ళందరూ నా వైపు తిరిగారు. డబ్బిచ్చి టికెట్ తీసుకున్నాను. పక్క సీట్లో తట్ట పెట్టుకున్న పెద్దావిడ వదలలేదు. "పదేండ్లాయె గద, మార్పిచ్చుకోక పోయినవా?" బద్ధకం అన్నాను. "బద్ధకం గాదు, నీ పానం ఆడనే ఉన్నది," అని తేల్చేసి, కిటికీలోంచి బయటికి చూపించింది. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి, యాసంగి పంట, మా వైపు దాళ్వా అంటాం. డ్రైవరు మిగిలిన సగంలో ముగ్గు గీసినంత జాగ్రత్తగా నడుపుతున్నాడు. మా వైపు అయితే ఈపాటికి హారన్‌తో చెవులు పోయేవి. ఇక్కడ వడ్లకి అంత మర్యాద ఉంది.

తండా: పక్కింటివాళ్ళ సాక్ష్యం

మానుకోట నుంచి కురవి పోయే దారిలో సరిత వాళ్ళ తండా. ఇంటి ముందు నేలంతా ఎర్రగా మిరపకాయలు ఎండుతున్నాయి. జనగామలో నన్ను తుమ్మించినవి ఇక్కడినుంచి వెళ్ళినవే కావచ్చు. సరిత వాళ్ళమ్మ మంగ్లి కొంగు నడుముకు చుట్టి కాయలు ఏరుతోంది. కూతురూ తల్లీ మాట్లాడుకునేది లంబాడీ. నాకు ఒక్క ముక్క తెలియదు. ఆవిడకి తెలుగు వచ్చు, కానీ తోచినప్పుడే బయటికి తీస్తుంది. అమ్మను వాళ్ళు "యాడి" అంటారు.

జొన్నరొట్టె, వెల్లుల్లి వేసి నూరిన పచ్చికారం పెట్టారు. సరదాపడి వేలెడు కారం నాకాను. తర్వాత అరగంట ఎక్కిళ్ళు. మంగ్లి చెంబెడు మజ్జిగ ఇచ్చి, కూతురితో ఏదో అంది. "నీకు చదువు చెప్పేటామె గీమేనా అని అడుగుతున్నది మేడం," అంది సరిత నవ్వాపుకుంటూ.

ఎక్కిళ్ళు తగ్గాక, "అసలు నువ్వు చేసే పనేమిటో మీ యాడికి ఎలా చెప్పావు?" అని అడిగాను. సరిత మళ్ళీ లంబాడీలో చెప్పి, నాకు తెలుగులో చెప్పింది.

"ఒక ఇంట్ల ఏదో గడబిడైంది. మనం లోపలికి పోవద్దు, పోతే ఇంకింత ఖరాబైతది. అందుకే పక్కింటోల్లను అడగాలె. అటు ఇల్లు, ఇటు ఇల్లు ఒక్క తీరుగనే ఉన్నయా, తేడాగున్నయా, గంతే చెప్పున్రి అనాలె. అట్ల తండంత అడిగి, గడబిడ ఏ ఇంట్లనో మనం పట్టాలె."

నేను పదేళ్ళుగా బోర్డు మీద గీతలు గీసి చెబుతున్న పాఠం ఇది. ఇంత తేలిగ్గా ఎప్పుడూ చెప్పలేదు. మంగ్లి కాయలు ఏరడం ఆపి, ఈసారి తెలుగే బయటికి తీసింది.

"పక్కింటోడే అబద్ధం చెప్తే?"

అది పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు తలలు పట్టుకున్న ప్రశ్న. కొలిచే యంత్రమే తప్పు కొలిస్తే? "అందుకే మల్ల మల్ల అడుగుతం యాడీ," అంది సరిత. మంగ్లి తల ఊపి కాయల్లో పడింది.

సరిత పని చూడాలంటే మంచినీళ్ళ ట్యాంకు మెట్లెక్కాలి, ఫోన్‌కి సిగ్నల్ అక్కడే దొరుకుతుంది. ఏడో మెట్టు మీద కూర్చుని, కాలేజీ కంప్యూటర్‌కి ఇక్కడినుంచే ఆజ్ఞలు పంపి, నెలలపాటు యంత్రానికి నేర్పింది. ఆ ప్రోగ్రాంలోనూ మొదట్లో ఒక అంకె ఇవ్వాలి. సరిత ఏడు ఇచ్చింది. మెట్టుని బట్టా అన్నాను. "కాదు మేడం, మాకు ఏడుగురు భవానీలు." నవ్వుకున్నాను. ఎవరూ ఏదో ఒక అంకె ఇవ్వడం లేదన్నమాట.

సరిత నవ్వలేదు. "మేడం, ఒకటి చెప్పాల్నా? నేను మధ్యల యంత్రాన్ని కావాలని జర ఖరాబు జేసి చూసిన. అయినా మార్కులు తగ్గలే. మంచిగొస్తుంటే సంబురం గావాలె గద. నాకైతే భయమైతున్నది."

"నాకూ అంతే," అన్నాను. ఆ మాట నాలుగు రోజుల ముందు ఫోన్లోనే అనాల్సింది. గురువులమన్న బడాయి అడ్డొచ్చింది.

కురవి: మీసాల మొక్కు

మర్నాడు పొద్దున సరిత నాతోపాటు భూపాలపల్లికి బయల్దేరింది. ముందు కురవి వీరభద్రస్వామిని చూపిస్తానంది మంగ్లి. స్వామివి కోరమీసాలు. గుడి దగ్గర దుకాణాల్లో మీసాలు అమ్ముతారు, మొక్కు తీరినవాళ్ళు స్వామికి సమర్పిస్తారు. మా ఊళ్ళో మావుళ్ళమ్మకు చీరలు పెట్టడం తెలుసు కానీ, దేవుడికి మీసాలు పెట్టడం మొదటిసారి చూశాను. చేతిలోకి తీసుకుని వంపు చూశాను. రేకువైతే వంద, వెండివైతే తూకం.

"మొక్కేంటమ్మా?" అని మంగ్లిని అడిగాను.

"బిడ్డకు బెంగుళూరు గావాలె. అయితే వెండివే వెడత." అని కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంది. సరిత మొహం పక్కకి తిప్పుకుంది. నా సంచిలో సంతకం లేని కాగితం ఉంది. స్వామి వైపు చూడ్డానికి కూడా నాకు మొహం చెల్లలేదు.

భూపాలపల్లి: పదివేల వరసలు

రెండు బస్సులు మారి, మిట్టమధ్యాహ్నం భూపాలపల్లిలో దిగాం. ప్రతి బస్సులో సరితకు జీరో టికెట్, నాకు అసలు టికెట్. నావి గుర్తుగా హ్యాండ్‌బ్యాగ్‌లో దాచుకుంటుంటే, "మేడం, మీరే మా అందరి కోసం కడుతున్నరు," అని ఏడిపించింది. బొగ్గు లారీలు, వరసగా ఒకేలాంటి క్వార్టర్లు, ఆకుల మీద సన్నటి నల్లటి పొడి. షిఫ్టు దిగి వస్తున్న మనుషులు కళ్ళ చుట్టూ కాటుక పెట్టుకున్నట్టున్నారు.

రమ్య వాళ్ళ నాన్న రాజయ్య గనిలో పనిచేస్తాడు. కూతురు చేసింది పరీక్ష పెట్టే పని అని ఆయనకి మహా గర్వం. "మా గనిల గూడ గట్లనే మేడం. లోపల గాలి మంచిగున్నదా అని ఒకడు చూసి చెప్తే సరిపోదు. ఇంకోడు పోయి మల్ల చూడాలె. మొదటోన్ని అడగొద్దు, సొంతంగ చూడాలె." నేను పెట్టిన కట్టుబాటు కూడా సరిగ్గా అదే. ఆయనతో అరగంట గనుల గురించి మాట్లాడాను. లోపల ఎండాకాలమే తెలియదట.

పచ్చిపులుసు, పప్పు, అన్నం తిన్నాక రమ్య లాప్‌టాప్ తెచ్చింది. తన ఫైలు నేను చూడటం అదే మొదటిసారి.

మొదటి వరసలో అంకె చూశాను. 1116.

నా చెయ్యి దానంతటదే హ్యాండ్‌బ్యాగ్‌లోకి వెళ్ళింది. కవరు మీద రూపాయి బిళ్ళ వేళ్ళకి తగిలింది.

"రమ్యా, ఇది ఎందుకు పెట్టావు?"

"ఏదైనా పర్వాలేదన్నరు గద మేడం. బాపు పక్కనే ఉండె. మంచి అంకె పెట్టు బిడ్డా అన్నడు."

సరిత తన సంచిలోంచి లాప్‌టాప్ తీసి, కార్తీక్ పంపిన నేర్పే నమూనాల ఫైలు తెరిచింది. రెండు లాప్‌టాప్‌లూ మంచం మీద పక్కపక్కన పెట్టింది. మొదటి వరస ఇక్కడా అక్కడా ఒకటే. రెండోదీ ఒకటే. పదోది, వందోది. రమ్య ఫైల్లో మొత్తం పదివేల నమూనాలున్నాయి. కార్తీక్ పది లక్షల్లో మొదటి పదివేలూ అవే, అక్షరం తేడా లేకుండా. ఇద్దరి దగ్గరా ఒకే ప్రోగ్రాం. ఇద్దరూ ఎవరికి వారు, ఒకరినొకరు అడగకుండా, అదే అంకె ఇచ్చారు. యంత్రం నేర్చుకున్నది తప్పులు దిద్దడం కాదు. జవాబులతో సహా ముందే చూసిన ప్రశ్నపత్రాన్ని అప్పజెప్పింది.

కార్తీక్‌కి ఫోన్ చేసి చెప్పాం. అంతా విని, "మేడం, నాయినమ్మకు చెప్పాల్నా?" అన్నాడు. ఏడవాలో నవ్వాలో తెలియక నవ్వేశాం. రాజయ్య మాత్రం నవ్వలేదు. "నా మూలంగనా బిడ్డా?" అని గోడకానుకుని కూర్చున్నాడు. నాకు సిగ్గేసింది. ఒకరి ఫైలు ఒకరు చూడొద్దన్నది నేను. ఏ అంకె అయినా పర్వాలేదన్నదీ నేనే. ఈ ఊళ్ళలో, ఆ మాటకొస్తే మా ఊళ్ళోనూ, "ఏదో ఒక మంచి అంకె చెప్పు" అంటే నూటికి యాభై మంది ఏం చెబుతారో నాకు తెలియదా?

కొత్త అంకెతో కొత్త పరీక్ష పెట్టాలి. రమ్య తన పుట్టినరోజు పెడదామంది. ఫోన్లోంచి కార్తీక్ తొమ్మిది మంచిదన్నాడు. "మంచిది వద్దు బాబూ! మనలో ఎవరూ ఎంచుకోని అంకె కావాలి," అన్నాను. సరిత పర్సులోంచి పొద్దుటి జీరో టికెట్ తీసింది. అడుగున పొడుగాటి నంబరు ఉంది. చివరి ఐదంకెలు కొట్టింది.

ఇరవై నిమిషాల్లో ఫలితం వచ్చింది. గీత దాటడం మాట దేవుడెరుగు, ఏళ్ళ నాటి మామూలు పద్ధతి కంటే కూడా మా యంత్రం వెనకబడింది. బాగా వెనకబడింది.

"మేడం," అంది రమ్య మెల్లగా, "రేపు శుక్రవారం గద. ఇప్పుడు పాతదే పంపి, సరిత బెంగుళూరుకు పోయినంక, మంచిగ నేర్పి కొత్తది ఇద్దాం. ఎవ్వలకు తెలుస్తది?" స్నేహితురాలి మీద ప్రేమతో అన్న మాట అది. నాకా ఆలోచన రాలేదంటే అబద్ధమే. కురవి గుడిలో కళ్ళు మూసుకున్న మంగ్లి మొహం నా ముందే ఉంది. సరిత వైపు చూశాను. ఆ అమ్మాయి టికెట్ ముక్కని మడిచి మళ్ళీ పర్సులో పెట్టుకుంటోంది.

కాళేశ్వరం: రెండు లింగాలు

అంత దూరం వచ్చి కాళేశ్వరం చూడకుండా పోతారా అని రాజయ్య పట్టుబట్టాడు. శుక్రవారం పొద్దున సరిత, రమ్య, నేను బస్సెక్కాం. మహదేవపూర్ దాటాక పక్కన పెద్ద కాలువ, ఎండలో తెల్లగా మెరుస్తున్న కాంక్రీటు. తర్వాత గోదావరి. అవతల నుంచి ప్రాణహిత వచ్చి కలుస్తోంది. ఏప్రిల్ కదా, నీళ్ళ కంటే ఇసుకే ఎక్కువ. ఈ నీళ్ళే మా భీమవరం కాలవల్లోకి వస్తాయి. అక్కడ నేను మెట్ల మీద బట్టలుతకడం చూసి పెరిగిన గోదావరి ఇదేనా అని చెప్పుల్లేకుండా దిగాను. కాళ్ళు చుర్రుమన్నాయి. నీళ్ళ దాకా గెంతుతూ పరిగెత్తాను. ముసలి యాత్రికురాలొకామె, "ఏంది బిడ్డా, గంత భక్తా?" అంది.

గుడిలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్నాయి. కాళేశ్వరుడు, ముక్తేశ్వరుడు. ముక్తేశ్వరుడికి ముక్కులాంటి రంధ్రాలున్నాయి. వాటిలో ఎన్ని బిందెల నీళ్ళు పోసినా నిండవు. ఎక్కడికి పోతాయని పూజారిని అడిగాను. "నదిలకే పోతయంటరమ్మా." ఎవరైనా చూశారా? "చూడాలంటే తవ్వాలె. తవ్వితే గుడి ఉంటదా?" ఈ ప్రయాణంలో అందరూ నాకు నా పాఠమే తిప్పి చెబుతున్నారనిపించింది.

బయట మండపం నీడలో పులిహోర పొట్లాలు విప్పుకున్నాం. అప్పుడు మాట్లాడింది సరిత.

"మేడం, మా యాడి అడిగింది గద, పక్కింటోడే అబద్ధం చెప్తే ఎట్ల అని. ఇప్పుడు గా పక్కింటోన్ని నేనే. నన్ను నమ్మి వాల్లు లెక్క జేస్తరు."

"సీటు పోవచ్చు," అన్నాను. చెప్పాలి కదా.

"పోతే బడి ఉన్నది. బడి పిల్లలకైతే సరైన అంకె చెప్త." అని నవ్వబోయింది. నవ్వు రాలేదు, కళ్ళలో నీళ్ళొచ్చాయి. రమ్య ఆమె చెయ్యి పట్టుకుంది.

ఉత్తరం ఫోన్లోనే రాసింది. నేను ఒక్క మాట కూడా చెప్పలేదు. మేము పంపిన ఫలితం తప్పు, దయచేసి దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు అని మొదలుపెట్టింది. తప్పు ఎలా జరిగిందో రాసింది. మా వైపు శుభకార్యాలకు నూట పదహారు, వెయ్యిన్నూట పదహారు అనే అంకెలు వాడతారని, ఇద్దరు స్నేహితులు ఒకరితో ఒకరు చెప్పుకోకుండానే అదే వాడారని రాసింది. కొత్త ఫలితం ఎంత తక్కువో దాచకుండా పెట్టింది. చివర్లో, ఈసారి అంకెను బస్సు టికెట్ నుంచి తీసుకున్నానని కూడా రాసింది. కింద నా పేరు చేర్చాను. పంపాక ముగ్గురం మిగిలిన పులిహోర తిన్నాం. చల్లబడినా బాగుంది.

ఇంటికొచ్చాక

పది రోజులు ఏ కబురూ లేదు. సరిత మానుకోట బడికి వెళ్ళి జీతం మాట్లాడుకొచ్చిందని రమ్య చెబితే, నాకా రోజు అన్నం సయించలేదు.

పదకొండో రోజు పొద్దున్నే ఫోనొచ్చింది. సరితే. బెంగుళూరు నుంచి జవాబొచ్చిందట. జూన్‌లో వచ్చి చేరమన్నారు. "యంత్రం సంగతి తర్వాత చూద్దాం, ఆ తప్పు ఫైలు కూడా వెంట తీసుకురా, మా వాళ్ళకు చూపించాలి" అని రాశారట. మంగ్లి అప్పుడే కురవి వెళ్ళిపోయిందట, వెండి మీసాలకి.

నేను సంతోషంతో ఏవేవో మాట్లాడుతున్నాను. ఆ అమ్మాయి వింటూ వింటూ, మొహమాటంగా అడిగింది.

"మేడం, ఏమనుకోరంటే ఒకటి అడుగుత. మీరు పీహెచ్‌డీల రాసిన ప్రోగ్రాంల ఏ అంకె పెట్టిన్రు?"

గుర్తు లేదన్నాను. నిజంగానే గుర్తు లేదు. పన్నెండేళ్ళయింది. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని పాత హార్డ్ డిస్క్ వెతికి, కంప్యూటర్‌కి తగిలించి, ఫోల్డర్ మీద ఫోల్డర్ తెరిచాను. ఆ ప్రోగ్రాంతోనే నా సిద్ధాంత గ్రంథం, దాంతోనే ఉద్యోగం. అందులో మూడు వేర్వేరు లెక్కలు ఒకదానికొకటి సాక్ష్యమని గొప్పగా రాసుకున్నాను. భీమవరంలో, మా ఇంటి మేడ మీద గదిలో, మా అమ్మ పసుపు బొట్టు పెట్టిన కంప్యూటర్ మీద రాసిన ప్రోగ్రాం అది.

మూడూ తెరిచాను. మూడింట్లోనూ మొదటి వరస చదివాను.

"మేడం? ఉన్నరా?"

"ఉన్నాను."

"ఏమున్నది మేడం?"

"వెయ్యిన్నూట పదహారు," అన్నాను. "మూడింట్లోనూ."

సరిత నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కాళేశ్వరం మండపంలో రమ్య ఆమె చెయ్యి పట్టుకున్నంత మెత్తగా అంది.

"మీ బస్సు టికెట్లు దాసుకున్నరు గద మేడం, ఒకటి తీసి మల్ల నడపున్రి. ఉత్తరం రాసుడైతే నేను సాయం జేస్త."